బీడీ తాగని మనిషి

ఆయనకు బీడీ అలవాటు లేదు. చుట్ట లేదు, హుక్కా లేదు. ఎవరైనా పెళ్లిలో పాన్ చేతిలో పెడితే జేబులో వేసుకుని మరిచిపోయేవాడు. ఇది ముందే రాసి పెడుతున్నాను. తర్వాత నేనేం రాసినా, ఏం రాయలేకపోయినా ఈ ఒక్క మాట నిలవాలి.

పోయిన శుక్రవారం శాలిబండలో ఒక హోటల్లో చాయ్ తాగుతున్నాను. పక్క బల్ల దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"బీడీ చాచా పోయిండట, ఎరికేనా?"

"ఏ బీడీ చాచా?"

"గదే భాయ్, బీడీ పారేసి చెరువుల దీవిని కాలబెట్టిండు సూడు. గాయన."

"అరె, గాయన ఇంక ఉన్నడా! ఎన్నడో పోయిండనుకున్న."

వాళ్లు ఆయన్ను తిట్టలేదు, ఎగతాళి చెయ్యలేదు. చాయ్ సాసర్లో పోసుకుని వేరే మాటల్లోకి వెళ్లిపోయారు. నా చాయ్ చల్లారిపోయింది. ఆ పేరు ఊరు పెట్టింది కాదు. నేను పెట్టింది. నోటితో కాదు, కలంతో.

అంతకు ముందు ఆయన్ను అందరూ పుట్టి చాచా అనేవారు. అసలు పేరు నాకు తెలుసు. తండ్రి పేరు, వయసు, మోచేతి మీది మచ్చతో సహా ఒక కాగితం మీద నేనే రాశాను. ఒకసారి ఆ పేరును రాయకూడని చోట రాసినవాణ్ని. ఇక్కడ మళ్లీ రాయను.

బహదూర్‌పురా దాటాక ఉన్న పెద్ద చెరువు గురించి పాతపట్నం వాళ్లకు చెప్పనక్కర లేదు. మా బిందెల్లోకి ఆ నీళ్లే వచ్చేవి. ఆ చెరువు నడుమ ఒక చిన్న దీవి ఉండేది. చింత, వేప, తుమ్మ, సీతాఫలం పొదలు, మధ్యలో ఒకే ఒక్క ఉసిరి చెట్టు. ఒక కొస నుంచి ఇంకో కొసకు నడిస్తే చుట్ట కాల్చినంత సేపు కూడా పట్టదు. చార్మినార్ నుంచి జట్కాలో వచ్చి పుట్టి ఎక్కితే గంటలో అక్కడుంటాం. కానీ అడుగు పెట్టగానే పట్నం ఒకటి ఉందన్న సంగతి చెవులు మరిచిపోయేవి. ఆకు రాలితే వినపడేది.

ఆ దీవికి ఆయన కావలి. చెరువు చూసే మా సర్కారు దఫ్తర్ వాళ్లే పెట్టారు. వెదురుతో అల్లి తోలు కప్పిన ఒక పుట్టి, ఒక తెడ్డు, చింతచెట్టు కింద తాటాకు గుడిసె. ఎప్పుడో ఒక పీరుసాబు నలభై రోజులు ధ్యానం చేశాడనే రాతి అరుగు ఒకటి, సున్నం వేసి ఉండేది. దాన్ని చిల్లా అనేవారు. ఇదీ ఆయన సంసారం.

పుట్టి ఎక్కాలంటే ఆయన షరతులు ఆయనకున్నాయి. చెప్పులు పుట్టిలోనే విడవాలి. సామాను నడుమ, మనుషులు చుట్టూ, మాటలు కట్ట మీద. "మీ మాటలు ఈడనే పెట్టి పోన్రి. ఎవ్వరు ఎత్తుకపోరు. వచ్చినంక తీసుకోన్రి" అనేవాడు. తిరిగి వచ్చేటప్పుడు అందరూ బట్టలు దులుపుకోవాలి. పంచె అంచులు, కొంగు చివరలు, టోపీ మడతలు. ఒక ఆకు గానీ, ఈక గానీ, గింజ గానీ దీవి దాటకూడదు.

నేను మొదటిసారి వెళ్లింది దఫ్తర్లో కొత్తగా చేరినప్పుడు. దీవి మీది చెట్ల జాబితా రాసుకు రమ్మని పంపారు. నీళ్ల మీదికి రాగానే పుట్టి గిరగిరా తిరిగింది. నేను అంచు గట్టిగా పట్టుకున్నాను.

"చాచా, ఇది ముందుకు పోతదా, తిరుగుతదా?"

"తిరుగుకుంటనే పోతది బేటా. పెండ్లి బరాత్ లెక్క. ఎప్పుడు చేర్తదని అడగొద్దు."

జాబితా రాసుకున్నాను. బట్టలు దులిపించాడు, దులుపుకున్నాను. కానీ జేబులో ఒక ఉసిరికాయ మిగుల్చుకున్నాను. సగం దూరం వచ్చాక దాన్ని కొరికాను. ఆ చప్పుడుకి తెడ్డు ఆగింది.

"ఏం నములుతున్నవ్?"

"ఉసిరికాయ."

ఆయన పుట్టిని వెనక్కి మళ్లించాడు.

"ఒక్క కాయకు వెనక్కా చాచా! దఫ్తర్ బంద్ అయితది."

"సగమే తిన్నవ్ కద. గింజ నీ దగ్గరనే ఉంది."

దీవికి తీసుకెళ్లి, నా అరచేతిలోంచి ఎంగిలి గింజ తీసుకుని, చెట్టు మొదట్లో వేలితో గుంట చేసి పాతాడు. నాకు ఒళ్లు మండింది. తిరిగి వస్తుంటే నా మొహం చూసి నవ్వాడు. "దీవి సన్నది బేటా. వచ్చినోడల్ల ఒక్కొక్కటి తీసుకపోతె, ఆఖర్న నా చేతిల తెడ్డు మిగుల్తది."

తర్వాత నేను పని ఉన్నా లేకపోయినా వెళ్లడం మొదలుపెట్టాను. సాయంత్రం పూట నీటికాకులు వచ్చి చింతల మీద వాలేవి. ఆయన వాటిని అల్లుళ్లు అనేవాడు. రెక్కలో ఈకలు ఊడిన ఒక ముసలి పక్షి అన్నిటికంటే చివర వచ్చేది. "పెద్దల్లుడు కద. అందరు వచ్చి కూసున్నంక వస్తడు. మర్యాద అట్ల చేయించుకోవాలె." అది రాకపోతే అన్నం ముట్టేవాడు కాదు.

గురువారం చిల్లా మీద చిరాగు పెట్టేవాడు. ప్రమిదంత చిన్న దీపం. పెట్టి వెళ్లిపోడు. నూనె అయిపోయి, వత్తి ఎర్రబడి, ఆఖరి పొగ పోయేదాకా పక్కనే గొంతుక్కూర్చునేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"చిరాగును ఒంటరిగ ఇడిసిపెట్టొద్దు. ముసలోళ్ల లెక్కనే అది. ఆఖర్న పక్కన ఒక మనిషి ఉండాలె."

ఇక ఆ రోజు సంగతి.

నాకు పెళ్లయిన ఏడాది. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనం చెయ్యాలని అమ్మకు కోరిక. పట్నంలో ఉసిరి చెట్టు ఏ నవాబు తోటలోనో ఉంటుంది. "నీకెందుకమ్మా ఫికర్, నా చేతిల ఒక దీవే ఉంది" అన్నాను. తాగే నీళ్లు కాబట్టి దీవి మీదికి ఇంటివాళ్లను, విందులకు వచ్చేవాళ్లను తీసుకెళ్లకూడదని హుకుం ఉంది. ఆ హుకుం నకలు రాసింది కూడా నేనే. సోమవారం నాడు దఫ్తర్లో తలనొప్పి అని చెప్పాను. ఎవరూ చూడకుండా జట్కాను కట్టకు ఆ చివరనే ఆపించి, అమ్మను, మా ఆవిడను నడిపించుకుంటూ వెళ్లాను. వంట ఇంట్లోనే చేసి ఇత్తడి గంగాళంలో సర్దుకున్నాం. దాన్ని జట్కావాడు రేవు దాకా మోసి పెట్టాడు.

చాచా మమ్మల్ని చూశాడు, గంగాళాన్ని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"దఫ్తర్ పనా బేటా, ఇంటి పనా?"

"రెండూ అనుకో చాచా."

"గంగాళంల దఫ్తర్ ఉందా?"

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన గంగాళాన్ని నడుమ పెట్టి మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టాడు.

ఉసిరి చెట్టు కిందికి చేరాక అమ్మ కొంగు ముడి విప్పి వత్తుల కట్ట బయటికి తీసింది. మూడు వందల అరవై అయిదు వత్తులు, నేతిలో నానబెట్టినవి. ఏడాదిలో దీపం పెట్టలేకపోయిన రోజులన్నిటికీ కలిపి ఒక్కటే. ఇది నాకూ చెప్పలేదు.

"ఆగ్ నక్కో చెల్లె" అన్నాడాయన. "మంట వద్దు. నేను గూడ కట్ట మీదికి పోయే వండుకుంట."

"మంట కాదన్నా, దీపం."

"దీపం గూడ మంటే కద."

"మరి నువ్వు జుమేరాత్ నాడు పెడ్తవట గద? మీ పీరుసాబుకు నువ్వు పెట్టంగ లేంది, మా శివునికి నేను పెడ్తె తప్పయితదా?"

ఆయన తల గోక్కున్నాడు. "మాటలు కట్ట మీద పెట్టి రమ్మంటె, ఈ చెల్లె అన్ని ఎంబడి తెచ్చుకుంది" అని నాతో అని, వంగి చెట్టు కింద ఎండుటాకులన్నీ రెండు చేతులతో ఊడ్చాడు. బారెడు జాగ నున్నగా చేశాడు. మూడు రాళ్లు తెచ్చి పెట్టి, వాటి నడుమ మూకుడు పెట్టించాడు. అమ్మ దీపం వెలిగించింది. ఆయన కాస్త దూరంగా కూర్చుని దద్దోజనం తిన్నాడు. "దీంట్ల ఏమేసినవ్ చెల్లె, మస్తుంది" అని రెండోసారి అడిగి వేయించుకున్నాడు. అమ్మకు ఆయన మీద అప్పుడే అన్న వరస కుదిరిపోయింది.

పొద్దు వాలుతుండగా గాలి లేచింది. గాలిలో పుట్టి నిలవదు. వెళ్లాలి. దీపం ఇంకా సగం కూడా తగ్గలేదు.

"నీళ్లు చల్లుదమా అత్తమ్మా?" అంది మా ఆవిడ.

"ఎవరన్న ఆర్పుతరా బిడ్డా! దానంతటదే కొండెక్కాలె. మన చేతులతోని ఆర్పితె ఇంటికి మంచిది కాదు."

చాచా ఆ మాట పూర్తిగా అర్థమైనవాడిలా తల ఊపాడు. "మిమ్మల్ని దింపొచ్చి నేను కూసుంట చెల్లె. కొండెక్కినదాంక లేవ."

"మాటనా అన్నా?"

"మాట."

మేం బట్టలు దులుపుకున్నాం. కట్ట చేరాం. అమ్మ, మా ఆవిడ జట్కా వైపు ముందు నడిచారు. గంగాళం, నేను, చాచా మిగిలాం. దఫ్తర్ బంట్రోతులు తిరిగే కట్ట అది. తలనొప్పి అని చెప్పి వచ్చినవాణ్ని. నెత్తిన గంగాళం పెట్టుకుని నేను నడుస్తుంటే ఎవరైనా చూస్తే?

"చాచా, ఇది జట్కా దాంక తెచ్చియ్యి."

ఆయన దీవి వైపు చూశాడు. "ఇప్పుడేనా బేటా? చిరాగు ఒక్కతే ఉంది."

"ఎంతసేపు చాచా! అయిదు నిమిషాలు."

కట్ట ఆ చివరకు అర మైలుంటుంది. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. దఫ్తర్ మనిషి చెప్పాడు కాబట్టి ఎత్తుకున్నాడు. నేను పది అడుగులు వెనక, సంబంధం లేనివాడిలా నడిచాను. నెత్తిన బరువున్న మనిషి వెనక్కి చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. ఆయన మూడుసార్లు అట్లా తిరిగాడు. మూడోసారి తిరిగినవాడు అట్లాగే నిలబడిపోయాడు.

నేనూ తిరిగి చూశాను. చెట్ల నడుమ నుంచి పొగ లేస్తోంది.

ఆయన గంగాళాన్ని కింద పడెయ్యలేదు. దించి నా చేతుల్లో పెట్టి, అప్పుడు పరుగెత్తాడు. అరవై ఏళ్ల మనిషి. నేను గంగాళం మోసుకుంటూ జట్కా వైపు నడిచాను. ఎవరైనా చూస్తారన్న భయం అప్పుడు గుర్తే లేదు. జట్కా పరదా దించి ఉంది. లోపల అమ్మ అడిగింది, "అన్నకు చెప్పి వచ్చినవా?"

"చెప్పిన" అన్నాను. జట్కావాణ్ని పోనియ్యమన్నాను.

మర్నాడు దఫ్తర్ పెద్దతో కలిసి వెళ్లి చూశాను. వానలు వెళ్లి ఎండిన గడ్డి, గాలి. ఏమీ మిగల్లేదు. గుడిసె లేదు, ఉసిరి లేదు. చింతల మీద గూళ్లు, గూళ్లలో ఇంకా ఎగరడం రాని పిల్లలు ఉండేవి. వాటి గురించి రాయను. చాచా చిల్లా అరుగు మీద కూర్చుని ఉన్నాడు, రెండు చేతులకూ తడి గుడ్డలు చుట్టుకుని. నన్ను చూసి కొత్తవాణ్ని చూసినట్టు సలాం చేశాడు. దఫ్తర్ పెద్ద పక్కన ఉన్నాడని.

తిరిగొచ్చాక పెద్ద నన్ను పిలిచాడు.

"ఎట్ల అంటుకుంది?"

"తెల్వదు సాబ్."

"తెల్వదని రాస్తె మీదికెల్లి నూరు సవాళ్లొస్తయి. చిల్లా దీపం అంటె అదొక లొల్లి. ముసలాయన బీడీ తాగుతడా?"

ఒక్క మాట చాలు. తాగడు సాబ్ అనాలి. కానీ మరి ఎట్లా అంటుకుందని అడుగుతాడు. అప్పుడు సోమవారం తలనొప్పి బయటికొస్తుంది. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

"తాగుతడనే రాయి" అన్నాడు.

రాశాను. నా చేతిరాత బాగుంటుందని దఫ్తర్లో పేరు.

కావలివాడికి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. కట్ట మీద కూర్చుని చదివాను. ఉర్దూలో రాసింది, ఆయన భాషే, ఆయనకు అర్థం కాని మాట ఒక్కటీ లేదు. బీడీ దగ్గర తల ఎత్తాడు.

"బీడీనా?" అన్నాడు. కాసేపటికి మళ్లీ, "అండ్ల చెల్లె దీపం పేరు లేదు కద?"

"లేదు చాచా."

"అయితె ఠీకుంది. ఆమెకు చెప్పకు. దీపం పెట్టిన మనిషి, దిల్ పగుల్తది." తర్వాత చెరువు వైపు చూస్తూ అన్నాడు, "కూసుంట అన్న. కూసోలె. బీడీ అయితేంది, ఏదయితేంది."

గంగాళం మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఎడమ బొటనవేలు చాచాడు. దాని మీద కాలిన పొక్కు. ఆ పొక్కు మీదే సిరా పూశాను. కాగితం మీద గీతల్లేని నల్లటి మచ్చ పడింది.

వారంలోపు ఆయన్ను తీసేశారు. పుట్టి, తెడ్డు ఇంకొకడికి ఇచ్చారు. బహదూర్‌పురాలో మేనకోడలి ఇంటి వసారాలో చేరాడని విన్నాను. పట్నంలో పేరు మారిపోయింది. పిల్లలు కూడా బీడీ చాచా అని పిలిచేవారు, పిలిస్తే పలికేవాడట. గురువారం సాయంత్రాలు కట్ట మీదికి వచ్చి, దీవి కనబడే చోట రాయి మీద చిరాగు పెట్టుకుని అది కొండెక్కేదాకా కూర్చునేవాడు. యుద్ధం రోజుల్లో నూనె దొరక్క జనం తిప్పలు పడినప్పుడు కూడా ఎక్కడి నుంచో నాలుగు చుక్కలు తెచ్చేవాడు. ఇవన్నీ నేను దూరం నుంచి చూసినవీ, విన్నవీ. గురువారం కట్ట మీద పని పడితే ఇంకొకణ్ని పంపేవాణ్ని.

అమ్మ మాత్రం ఆయన్ను తలుచుకునేది. "మంచోడే పాపం. నా దీపం దగ్గర కూసుంటనన్నడు. ఆ పాడు బీడీ ముట్టించకపోతె ఏం పోయేది?" ప్రతి కార్తీకంలో ఈ మాట. నేను అన్నం కలుపుకుంటూ వినేవాణ్ని. అమ్మ మనసు కష్టపెట్టకూడదనే చెప్పలేదని, ఆయన కూడా అదే కోరాడని నాకు నేను చెప్పుకున్నాను. అమ్మ పోయి రెండేళ్లయింది. ఈ రెండేళ్లూ ఎవరి కోసం ఊరుకున్నట్టు?

రెండు నెలల కింద, ఆయన మంచం పట్టాడని తెలిసి వెళ్లాను. ఎందుకో ఆ రోజు కాళ్లు ఆగలేదు. వసారాలో నులకమంచం మీద ఉన్నాడు. చూపు దాదాపు పోయింది. నా గొంతు వినగానే "దఫ్తర్ బేటా" అన్నాడు. మేనకోడలు స్టూలు వేసి లోపలికెళ్లింది.

"చాచా, ఆ బీడీ మాట..."

ఆయన చెయ్యి ఊపి ఆపాడు. "అది ఇడిసెయ్యి. అల్లుళ్లు వస్తున్నరా?"

దీవి కాలిన తర్వాత నీటికాకులు అక్కడ వాలడం మానేశాయి. చెరువు చూసే మాకందరికీ అది తెలుసు.

"వస్తున్నయ్ చాచా. మస్తు వస్తున్నయ్."

"పెద్దల్లుడు?"

"ఆఖర్న వస్తడు. ఎప్పటి లెక్కనే."

ఆయన నా మోకాలు తడిమి, దాని మీద చెయ్యి వేసి, నవ్వాడు.

"అబద్ధం నీకు రాయనీకె వస్తది బేటా. చెప్పనీకె రాదు."

అందులో కోపం లేదు. ఉండి ఉంటే నేను కాళ్ల మీద పడేవాణ్నేమో. అట్లాగే కూర్చుండిపోయాను. మేనకోడలు చాయ్ తెచ్చింది, తాగాను. మళ్లీ వస్తానన్నాను. వెళ్లలేదు. ఆఖర్న పక్కన మనిషి ఎవరున్నారో నాకు తెలియదు.

హోటల్లో ఆ మాటలు విన్న మర్నాడు దఫ్తర్‌కు ఒక అర్జీ పెట్టాను. ఫలానా రిపోర్టులో మంటకు కారణం తప్పుగా రాశాను, రాసింది నేనే, దిద్దాలి అని. పాత పెద్ద ఎప్పుడో పింఛను తీసుకున్నాడు. ఇప్పటి కుర్ర సాబు నన్ను జాలిగా చూసి, "మనిషే లేడు కదండీ, దిద్ది ఎవరికిస్తరు?" అన్నాడు. సాయంత్రానికి అర్జీ తిరిగొచ్చింది. అంచున ఒక్క వాక్యం. సదరు వ్యక్తి మరణించినందున చర్య అవసరం లేదు, దాఖల్ దఫ్తర్, అంటే పాత కాగితాల్లో కట్టి పెట్టెయ్యమని. ఆ వాక్యం నాకు బాగా తెలుసు. ఇన్నేళ్లుగా ఇతరుల అర్జీల మీద నేనే రాస్తున్నాను.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు కట్ట మీద కూర్చుని రాయాల్సిన రిపోర్టు ఇది.

దీవి మీద మంట బీడీ వల్ల లేవలేదు. కావలివాడికి బీడీ అలవాటు లేదు. ఉసిరి చెట్టు కింద ఒక దీపం ఉంది. అది మా అమ్మ పెట్టింది. హుకుం కాదని అమ్మను అక్కడికి తీసుకెళ్లింది నేను. కావలివాడు చెట్టు కింద ఆకులు ఊడ్చాడు, రాళ్లు అడ్డం పెట్టాడు, తిరిగొచ్చి దీపం పక్కన కూర్చుంటానని మాట ఇచ్చాడు. గాలికి దీపం గడ్డిలోకి పోయిన సమయంలో అతడు కట్ట మీద నెత్తిన గంగాళంతో నడుస్తున్నాడు. గంగాళం మాది. మోయమన్నది నేను.